ఎసరులో నాలుగు తీగలు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదని మా అమ్మ అభిప్రాయం. నాకిప్పుడు ఇరవై ఎనిమిది. ఆ మాట వాడాలంటే కనీసం ఒక పన్నయినా ఊడి ఉండాలట. (పన్ను సంగతి తర్వాత చూద్దాం, జుట్టు మాత్రం నా తరఫున సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టింది.) అయినా ఆ రోజుల్లో అనే అంటాను. ఎందుకంటే ఐదేళ్ల కిందట సూర్యాపేట బస్టాండులో భుజానికి నల్ల సంచి తగిలించుకుని నిలబడ్డ కుర్రవాడికీ నాకూ ఇప్పుడు పెద్దగా పరిచయం లేదు. వాడు సగం నిద్రలో నడిచేవాడు. బస్సు ఇంజను ఏ శ్రుతిలో మూలుగుతోందో వింటూ ఎక్కాల్సిన బస్సును వదిలేసేవాడు. ఇంట్లో ఫ్రిజ్ మోతకు దగ్గరగా ఉంటుందని దాని పక్కనే కూర్చుని అన్నం తినేవాడు. లోకంలోని లోతైన శబ్దాలన్నీ తనకేదో చెప్పబోతున్నాయని గట్టిగా నమ్మేవాడు. అవి ఏం చెప్పాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఫ్రిజ్‌కు మాత్రం ఆ వేసవిలోనే కంప్రెసర్ పోయింది. అది చెప్పబోయింది అదేననుకుంటాను.

ఆ నల్ల సంచిలో ఉన్నది బేస్ గిటార్. మామూలు గిటార్‌కు ఆరు తీగలుంటాయి, దీనికి నాలుగే, అవీ లావుపాటివి. పాట వింటున్నప్పుడు గొంతు చెవికి తగులుతుంది, డ్రమ్ము ఛాతీకి తగులుతుంది, పొట్టలో ఎక్కడో గుం గుం మంటూ ఊరికే ఉండేది బేస్. ఉన్నంతసేపూ ఎవరికీ పట్టదు, ఆగిపోతే మాత్రం అందరికీ ఏదో వెలితి. (మా ఇంట్లో ఇన్వర్టర్ కూడా ఇంతే.) బస్సులో దాన్ని చూసిన కండక్టర్లు మిగతా రెండు తీగలు ఎక్కడ పోయాయని జాలిగా అడిగేవారు. మా మేనత్త అయితే ప్రతి పండక్కీ అడిగేది, తక్కిన రెండూ ఎప్పుడు వేయిస్తావు బిడ్డా అని. చదువు అయిపోయినా ఉద్యోగం రాని మనిషిని అడిగినట్టే ఉండేది ఆ గొంతు. చదువు అయిపోయి ఉద్యోగం రాని మనిషిని కూడా నేనే కాబట్టి, ఒకే ప్రశ్నలో రెండు పనులు జరిగిపోయేవి.

మా ఆర్కెస్ట్రా పెళ్లిళ్లకు, రిసెప్షన్లకు వాయించేది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడూ మా సామ్రాజ్యం. మొత్తం ఐదుగురం ఉండేవాళ్లం కానీ ఈ కథకు ముగ్గురం చాలు. కీబోర్డు వాయించే మా నాయకుడికి ఎకో అన్న అని పేరు. పగలు ఫ్లెక్సీలు ప్రింటు చేసే దుకాణం, మిగతా వేళల్లో సంగీతం. మైకుకు ఎంత ఎకో పెట్టేవాడంటే, ఆయన అందరికీ నమస్కారం అన్నాక ఆ నమస్కారం పూర్తయ్యేసరికి సగం మంది అన్నానికి లేచేవాళ్లు. పాడేది కోదాడక్క. కోదాడలో ప్రైవేటు బళ్లో టీచరు. తప్పు వాయిస్తే తిట్టదు, తల కొద్దిగా వంచి మనవైపు చూస్తుంది. హోంవర్కు చేయనివాడికి తెలుస్తుంది ఆ చూపు బరువు. మూడోవాణ్ని నేను.

మా బృందంలో ఒక ఆచారం ఉండేది. తీగలు మొద్దుబారితే కొత్తవి కొనం, ఉడకబెడతాం. వేళ్ల జిడ్డు, చెమట, దుమ్ము తీగ చుట్ల మధ్య పేరుకుని మోత చచ్చిపోతుంది కదా, వాటిని విప్పి మరిగే నీళ్లలో పావుగంట వేస్తే మురికంతా వదిలి మళ్లీ ఖంగుమంటాయి. వారం రోజులు కొత్తవాటిలాగే ఉంటాయి, తర్వాత మళ్లీ పొయ్యి. ఈ విద్యలో నేను ఎంత ఆరితేరానంటే, తిరుమలగిరి నుంచి కూడా ఒక గిటార్ కుర్రవాడు తన తీగలు బస్సులో పంపించేవాడు. సంగీతంలో నాకు దక్కిన మొదటి గౌరవం వంటకే దక్కింది.

సూర్యాపేటలో ఒక రిసెప్షన్ ముందు ఉత్సాహం కొద్దీ నా తీగల్ని అరగంట ఉడికించాను. అవి అద్దంలా మెరిశాయి. కోదాడక్క ఒక నెమ్మదైన పాట అందుకుంది. హాలంతా మెత్తబడింది. నేను ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వేలు జరిపాను. కీచ్ మంది. మళ్లీ జరిపాను, మళ్లీ కీచ్. దానికి ఎకో అన్న పెట్టిన ఎకో తోడై, ఒక్కో కీచు నాలుగు పిల్లల్ని పెట్టింది. ముందు వరసలో పెళ్లికొడుకు తాత లేచి, చేతికర్రతో స్టేజీ గుడ్డ పైకెత్తి, కింద ఎలుకలు ఎక్కడున్నాయో వెతకడం మొదలుపెట్టాడు. ఆయనకు సాయంగా ఇంకో ఇద్దరు వంగారు. పాట అయిపోయేదాకా వెతుకుతూనే ఉన్నారు. కోదాడక్క తల కొద్దిగా వంచి నావైపు చూసింది.

సామాను సర్దేటప్పుడు ఎకో అన్న కోపంగా కూడా లేడు, అదే భయం వేసింది. "తమ్మీ, కోదాడ ప్రోగ్రాం దాక సూస్త. గీ కీచుడు పోకపోతే బేస్ గూడ నేనే ఎడమ చేత్తోని కొట్టుకుంట. కీబోర్డుల ఉండనే ఉన్నది," అన్నాడు. ఆ కోదాడ ప్రోగ్రాం మామూలుది కాదు, కోదాడక్క చెల్లెలి పెళ్లి విందు. అక్క అందులో పాడబోయే పాట మొదట్లో ఇంకే వాయిద్యమూ ఉండదు, ఆమె గొంతు, నా బేస్ అంతే. ఆ పాటకు బేస్ తమ్ముడే వాయించాలని ఆమె అప్పటికే ఇంట్లో చెప్పుకుందట. పన్నెండు రోజుల టైము. నా బతుకు ఒక మనిషి ఎడమ చేతితో పోటీకి వచ్చి నిలబడింది. ఆ చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు వీపు గోక్కోవడం తప్ప మరేమీ చేయడం నేను చూడలేదు, అయినా గెలిచేట్టే ఉంది.

అప్పుడు తెలిసింది నాకు ఫ్లాట్‌వౌండ్ తీగల సంగతి. మామూలు బేస్ తీగ మీద సన్నని గుండ్రటి తీగను చుడతారు. తడిమితే స్క్రూ మరల్లా గరుకుగా ఉంటుంది, వేలు జరిపినప్పుడల్లా ఆ గరుకు మీద రాసుకుని కీచుమంటుంది. ఫ్లాట్‌వౌండ్‌కు చుట్టేది రిబ్బనులా పలచగా సాగదీసిన తీగ. అందుకే గాజుకడ్డీలా నున్నగా ఉంటుంది, శబ్దం గుండ్రంగా, మెత్తగా, పక్కింటి పాత రేడియోలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఇదంతా నాకు చెప్పింది ఫోన్‌లో వీడియోలు. గడ్డాలు పెంచిన విదేశీయులు ఎనిమిది రకాల ఫ్లాట్‌వౌండ్ తీగల మీద ఒకే స్వరం వాయించి, తేడా విన్నారుగా అన్నట్టు కళ్లు మూసుకునేవారు. నా ఫోన్ స్పీకర్లోంచి బేస్ అనే పదార్థమే బయటికి రాదు. కాబట్టి ఎనిమిదిసార్లు గడ్డం ఊగడం మాత్రమే చూసేవాణ్ని. అయినా డాబా మీద వెల్లకిలా పడుకుని, హైవే మీద లారీల మోత దూరంగా పరుపులా పరుచుకుంటుంటే, ఆ వినపడని స్వరాలన్నీ విన్నాను. ఒకటి తడి మట్టిలా ఉందనుకున్నాను, ఒకటి చల్లారిన టీలా ఉందనుకున్నాను. చివరికి అందరికంటే మంచి గడ్డం ఉన్నాయన వాడిన తీగల్నే ఎంపిక చేశాను. అవి రావడానికి మూడు వారాలు పడుతుందని ఫోన్ చెప్పింది. నాకు మిగిలింది పది రోజులు.

నా ముఖం చూసి ఎకో అన్నే దారి చెప్పాడు (నన్ను తీసేయాలని ఉన్నా, ఆ పనిని న్యాయంగా చేయాలనుకునే మనిషి). మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో మెషిన్లు చూసుకునే ఒకాయన ఉన్నాడనీ, ఒకప్పుడు ఆర్కెస్ట్రాలలో బేస్ వాయించేవాడనీ, ఆయన దగ్గర ఆ నున్న తీగలే ఉన్నాయనీ. అందరూ గుంగుం మామ అంటారు. నేను బస్సెక్కాను. ఆ రోజు ఇంజను మోత వినలేదు, అంత దిగులు.

మిల్లులోకి అడుగుపెట్టగానే దిగులు పోయింది. ఆ మోత చెవులతో వినేది కాదు. నేల, గోడ, దూలం, గాలిలో తేలే ఊక దుమ్ము, అన్నీ కలిసి ఒకే స్వరం మీద నిలబడి ఉన్నాయి. ఎండ కిటికీలోంచి పడి ఆ దుమ్ములో బంగారంలా కదలకుండా ఆగింది. నేను నోరు తెరుచుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నోట్లోకి ఊక పోయి దగ్గు వచ్చాక, మామ నా పక్కన ఉన్నాడని తెలిసింది. సన్నటి మనిషి, కనురెప్పల మీద కూడా తవుడు. అరచేతిలో బియ్యం పోసుకుని బొటనవేలితో రుద్దుతూ, ఒక గింజ కొరికి, తల ఊపి, అప్పుడు నా సంగతి అడిగాడు. ఏ రకం తీగలు కొనమంటారని అడిగాను. గడ్డం గురించి చెప్పలేదు.

"కొత్త బియ్యం తింటవా, పాత బియ్యం తింటవా?" అన్నాడు.

అమ్మ ఏది వండితే అది తింటానన్నాను. ఆ జవాబు ఆయనకు నచ్చలేదు.

"కొత్తయి వండితే ముద్దయితయి. ఏడాది నిలవ పెట్టినంక వండు, మెతుకుకు మెతుకు ఇడుస్తది. తీగలు గూడ గంతే. ఏ రకం అని అడుగుతున్నవ్. ఎన్నేండ్లయి అని అడగాలె."

మిల్లు వెనకాలే ఆయన ఇల్లు. గోడకు మేకు, మేకుకు గోనెసంచి, సంచిలో బేస్. తీగలు చూస్తే తీగల్లా లేవు, వంటింటి చూరుకు పట్టిన మసిలా ఉన్నాయి. ఆయన మంచం మీద కూర్చుని, శబ్దం పెంచే కరెంటు పెట్టె కూడా లేకుండా, ఒక్క స్వరం మీటి వదిలాడు. దాన్ని ఎలా చెప్పాలి. మధ్యాహ్నం నిద్రలోంచి లేచినప్పుడు పొద్దునో సాయంత్రమో తెలియని ఆ రెండు క్షణాలు ఉంటాయి చూడండి, ఆ స్వరం అక్కడి నుంచి వచ్చినట్టుంది. అంచులే లేవు. మొదలు తెలియలేదు, ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు. వేలు జరిపితే చప్పుడే లేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. (తవుడు కూడా ఉంది, ఎంత శాతం ఏదో తేల్చలేను.)

పందొమ్మిదేళ్ల నుంచి వాటికి వాయించడం తప్ప ఇంకేమీ చేయలేదన్నాడు. నా కథంతా విని, ఎకో అన్న ఎడమ చేయి సంగతి దగ్గర ముసిముసిగా నవ్వి, ఏమీ అడక్కుండానే తీగలు విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కోదాన్నీ చుట్టగా చుట్టి బస్తాలు కుట్టే సుతిలితో కట్టి నా చేతిలో పెట్టాడు. "కోదాడ అయినంక నా తీగలు నాకు తెచ్చియ్యి. అప్పటిదాక వీటికి నువ్వు గూడ ఏం చెయ్యకు," అన్నాడు. ఖాళీ బేస్‌ను మళ్లీ గోనెసంచిలో పెడుతుంటే చూడలేక నేను గుమ్మం వైపు తిరిగాను.

ఏం చెయ్యకు అనే మాటను నేను పెద్దవాళ్ల మొహమాటంగా తీసుకునేవాణ్ని. అతిథి ఏమీ వద్దన్నా టీ పెడతాం కదా. ఇంటికి వచ్చి చుట్టలు విప్పితే చేతులు నల్లబడ్డాయి. ఇంత మురికితోనే అంత బాగా మోగితే, శుభ్రం చేస్తే ఇంకెలా మోగుతాయో అనుకున్నాను. పైగా అరువు తెచ్చుకున్న వస్తువును తెచ్చుకున్నదానికంటే మెరుగ్గా తిరిగివ్వాలనే సంస్కారం ఒకటి. అమ్మ అన్నం గిన్నెలో ఎసరు పెట్టి నాలుగు తీగలూ వేశాను. నీళ్లు మొదట టీ రంగు తిరిగాయి, తర్వాత డికాషన్ రంగు. నేను గరిటెతో తిప్పుతుంటే అమ్మ వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది.

"ఉప్పేసినవా?" అంది.

ఆ నీళ్లను పెరట్లో జాజిచెట్టుకు పోశాను. పందొమ్మిదేళ్ల గుంగుం మామ ఆ నీళ్లలోనే వెళ్లిపోయాడని నాకు తట్టలేదు. (ఆ ఏడాది జాజి బాగా పూసింది.) తుడిచి, బిగించి, ఒక స్వరం మీటాను. స్టీలు పళ్లెం కింద పడ్డట్టు మోగింది. వేలు జరిపితే జారడానికి బదులు అతుక్కుంటూ, తడి చేత్తో బెలూన్‌ను రుద్దినట్టు ఒక ఏడుపు. పాత కీచు ఎలుకదైతే ఇది ఎలుక తల్లిది. నేను మంచం మీద కూర్చున్నాను. ఎడమ చేయి గెలిచిందనే బాధ రెండో స్థానంలోకి పోయింది. గోడకు వేలాడుతున్న ఆ గోనెసంచి కళ్ల ముందు నుంచి కదల్లేదు. ఆయన నాకు ఇచ్చింది నాలుగు తీగలు, నేను పోగొట్టింది పందొమ్మిదేళ్లు.

ఇంకా వారం ఉంది. పందొమ్మిదేళ్ల జిడ్డును వారంలో సంపాదించాలి. అమ్మ తేలిగ్గా, "జిడ్డే గదా, నీ చేతులకేం తక్కువ," అంది. ఆమె ఎగతాళికే అంది, నేను మాత్రం అందులో మార్గం చూశాను. రోజూ సాయంత్రం బస్టాండు ఎదురుగా బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిని, చేతులు కడుక్కోకుండా ఇంటికి నడిచొచ్చి సాధన చేసేవాణ్ని. మధ్యాహ్నం పూరీలు. ఒకరోజు గారెలు కూడా ప్రయత్నించాను, కానీ వాటికి నూనె పట్టు తక్కువ. ఏడు రోజుల్లో నా బరువు పెరిగింది. తీగలు కొంచెం మెత్తబడ్డాయి, ఏడుపు సన్నగిల్లింది, వేలు జారడం మొదలైంది. మామ స్వరం మాత్రం రాలేదు. వచ్చిందల్లా నా స్వరమే, కాస్త పొట్టిగా, కాస్త సిగ్గుగా, ఇంకా నిద్ర లేవనట్టు.

కోదాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మామకు ఏం చెప్పాలో తయారుచేసుకున్నాను. మొదటి కథలో తీగలు వానలో తడిశాయి. ఎండాకాలం కాబట్టి అది పనికిరాలేదు. రెండో కథలో తప్పు అమ్మది. అమ్మకు తెలిస్తే నాకు అన్నం గిన్నెతోనే సమాధానం వస్తుంది కాబట్టి అదీ వదిలేశాను. మూడోది నిజం. అది అన్నిటికంటే నమ్మశక్యంగా లేదు.

విందు పట్టపగలే. హాలు నిండా జనం, ఒకపక్క వడ్డనలు మొదలయ్యాయి. స్టేజీ ఎక్కి చూస్తే, వంటల వైపు నిలబడి ఆకులోంచి అన్నం మెతుకు తీసి వేళ్ల మధ్య నలుపుతున్న సన్నటి మనిషి కనిపించాడు. మామ. బియ్యం వాళ్ల మిల్లువేనట, ఎలా ఉడికాయో చూద్దామని వచ్చాడట. ఆ పూట ప్రపంచంలో ఉడకడం గురించి ఆలోచించే మనుషులం ఇద్దరం, ఇద్దరం అక్కడే ఉన్నాం.

కోదాడక్క చెల్లెలి వైపు తిరిగి పాట అందుకుంది. ఎకో అన్న ఎడమ చెయ్యి కీబోర్డు మీద సిద్ధంగా ఉంది. నేను మొదటి స్వరం మీటాను. తర్వాత ఏం జరిగిందో నాకు సరిగా గుర్తులేదు. ఆమె గొంతు నడుస్తోంది, నేను ఆమె నడిచేచోటల్లా కింద ఏదో పరుస్తూ పోతున్నాను. వేలు జరిగింది, చప్పుడు లేదు. మళ్లీ జరిగింది, చప్పుడు లేదు. పెద్ద ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి. ఒక పసిపిల్ల కుర్చీలో నిద్రపోయింది. ఎవరూ నావైపు చూడలేదు. ఎవరూ స్టేజీ కింద వెతకలేదు. పాట సగంలో పక్కకు చూస్తే, ఎకో అన్న ఎడమ చెయ్యి కీబోర్డు వదిలి వీపు వెనక్కి వెళ్లిపోయింది.

పాట అయ్యాక కోదాడక్క నా దగ్గరికి వచ్చింది. "ఇవాళ నీకు సౌండ్ పెట్టలేదా ఏంటి తమ్ముడూ? నువ్వు వినపడనే లేదు. కానీ శ్రుతి మాత్రం ఎక్కడికీ పోలేదు, హాయిగా పాడుకున్నాను," అంది. నా జీవితంలో అంత గొప్ప పొగడ్త మళ్లీ రాలేదు. ఆమెకు అది పొగడ్త అని తెలియదు.

మామ మెట్లెక్కి వచ్చాడు. నా ముఖం చూడకుండా తీగ మీద బొటనవేలు రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మిరపకాయ బజ్జీ," అన్నాడు. మళ్లీ వాసన చూసి, "ఉడకవెట్టినవా?"

మూడు కథలూ మరిచిపోయి తలూపాను. ఆయన స్టేజీ అంచున కూర్చుని, భుజాలు కదిలేలా నవ్వాడు. "నేను గూడ ఉడకవెట్టిన రా. పందొమ్మిదేండ్ల కింద. గప్పటి సంది కొట్టుడు తప్ప ఏం చెయ్యలే," అన్నాడు.

తీగలు విప్పబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇగ నాయి గావు. నా జిడ్డు పోయి నీది ఎక్కింది. నాకు వేరేయి తెచ్చియ్యి, నువ్వే సూసి తే. నేను గూడ మొదటికెల్లి మొదలువెడ్త." కళ్లు తుడుచుకుని, వడ్డన చివరికి వచ్చిందని గుర్తొచ్చి లేచాడు. వెళ్తూ, అన్నం బాగా ఉడికింది, తిని చేతులు కడుక్కోకు అన్నాడు.

గడ్డమాయన తీగలే తెప్పించాను. చెప్పినట్టే మూడు వారాలు పట్టింది. ఇప్పటికీ నెలకోసారి మిర్యాలగూడ వెళ్తాను. మిల్లు వెనక మంచం మీద ఎదురెదురుగా కూర్చుని ఆయనొక స్వరం, నేనొక స్వరం మీటి వదులుతాం. మధ్యలో ఎవరం మాట్లాడం, మిల్లు మాట్లాడుతుంది. రెండు జతలకూ ఐదేళ్లు నడుస్తోంది. మసి ఇప్పుడిప్పుడే పడుతోంది. ఇంకా పద్నాలుగేళ్లు ఉందని నేనంటే, నాకు మూడు వారాలు ఎక్కువ అని ఆయనంటాడు. ఈ ఒక్క విషయంలో ఆయనకంటే నేను సీనియర్ని, ఆ మూడు వారాల పెద్దరికాన్ని జాగ్రత్తగా కాపాడుకుంటున్నాను.

ఒక్కోసారి సూర్యాపేట బస్టాండులో ఆ నల్ల సంచి కుర్రవాడు కనిపిస్తే బాగుండనిపిస్తుంది. ఇంజను మూలుగు వింటూ బస్సు వదిలేస్తూ నిలబడి ఉంటాడు. భుజం తట్టి, ఒరే, దేనికీ ఏం చెయ్యకు, ఊరికే వాయించుకో, అదే పాతబడుతుంది అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా లాభం లేదని నాకు తెలుసు. శ్రద్ధగా విని, తల ఊపి, నీళ్లు ఎంతసేపు మరగాలన్నా అని అడుగుతాడు.